కలప అడితి చరిత్ర రాయడం ఎలా: చిట్టాలు, కొలత పుస్తకాలు, డీడ్లు చదివే పద్ధతి

గోదావరి జిల్లాల్లో కలప వ్యాపారం చేసిన కుటుంబాల దారి దాదాపు ఒకటే. మొదట ఏటి ఒడ్డున కర్రల అడితి (కలప నిల్వచేసి అమ్మే చోటు), తర్వాత దాని పక్కనే కోత మిల్లు, ఆపైన తలుపులూ కిటికీలూ, చివరికి పీడబ్ల్యూడీ కాంట్రాక్టులో అపార్ట్‌మెంట్లో. యాభయ్యేళ్లో డెబ్భై అయిదేళ్లో నిండినప్పుడు సావనీర్ వేద్దామని మూడో తరం కూచుంటుంది. తీరా తేలేది నాలుగు పేజీల పొగడ్త, దండ వేసిన ఫోటో, ‘నిజాయితీకి మారుపేరు’ అనే వాక్యం. కర్ర ఏ అడవి నుంచి వచ్చింది, ఏ ధరకు పోయింది, అడితి మిల్లుగా ఎందుకు మారింది, అన్నదమ్ముల వాటాలు ఎప్పుడు ఎలా మారాయి: వీటిలో ఒక్కదానికీ అందులో జవాబు ఉండదు. జవాబులు అటక మీద ఎర్రగుడ్డ మూటల్లో ఉంటాయి.

పని వరస తప్పకూడదు. ముందు కాగితాలు, తర్వాత తేదీలు, ఆ తర్వాత మనుషులు, అన్నిటికన్నా చివర రాత. చాలామంది పెద్దాయన దగ్గర కూచుని మొదలుపెడతారు. ఆయన ‘నలభై ఎనిమిదిలో పెట్టాం’ అంటే ఆ అంకె ఇంటిల్లిపాదికీ నోటికొచ్చేస్తుంది. ఏడాది తర్వాత 1944 నాటి రసీదు బయటపడినా ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు.

మూట విప్పేముందు

వెతకాల్సిన చోట్లు ఇంటి అటక, అడితి ఆఫీసు బీరువా, మిల్లు గోడౌను, ఆడిటర్‌గారి పాత ఫైళ్లు, పాత గుమస్తాగారి ఇల్లు. చిట్టాలు (రోజువారీ జమాఖర్చు పుస్తకాలు), ఆవర్జాలు (ఖాతాలవారీ లెక్కల పుస్తకాలు) ఎవరైనా దాస్తారు. చిత్తుకాగితాల కింద పోయేవి వేరే ఉన్నాయి: కొలత పుస్తకాలు, కూపు (నరకడానికి వేలం వేసే అడవి ముక్క) వేలం ఒప్పందాలు, అటవీశాఖ ట్రాన్సిట్ పర్మిట్లు, లారీ కిరాయి చీటీలు, మిల్లు కరెంటు బిల్లులు, సిమెంటు పర్మిట్లు, టెండరు నోటీసుల నకళ్లు. చరిత్రకు ఇవే ఎక్కువ పనికొస్తాయి. చిట్టాలో ‘కర్ర ఖరీదు’ అని ఒక్క ముక్కే ఉంటుంది. ఆ కర్ర ఏ అటవీ రేంజిలో నరికింది, ఏ లారీలో ఎక్కింది అన్నది పర్మిట్టే చెబుతుంది.

మూట విప్పకముందే దానికి నంబరు ఇవ్వండి, ఎక్కడ దొరికిందో రాసుకోండి. లోపలి కాగితాల వరస మార్చవద్దు. ఒకే దారానికి గుచ్చిన రసీదుల్లో ఒకదానికి తేదీ ఉంటే మిగతావి ఏ కాలానివో దాన్నిబట్టి తెలుస్తుంది. విడదీస్తే ఆ ఆధారం పోయినట్టే.

తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకండి, కాగితం పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టి ఆరనివ్వాలి. అతుక్కున్న పేజీలను లాగవద్దు. సెల్లోటేపు వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై సిరాను తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే తిరిగి తీయలేరు. తుప్పు పట్టిన పిన్నులు, స్టేపుళ్లు మెల్లగా తీసేయండి. గుర్తులు పెట్టాలంటే పెన్సిలుతోనే. చెదలు గోడకు ఆనిన వైపు నుంచి వస్తాయి కనుక బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి.

ఫోటోలకు ఫోను చాలు. కిటికీ పక్కన పగటి వెలుగులో, పుస్తకానికి నిట్టనిలువుగా పైనుంచి, ఫ్లాష్ లేకుండా తీయండి. అట్ట, ఖాళీ పేజీలు, వెనక అట్ట లోపలి వైపు కూడా వదలొద్దు. గుమస్తాలు కూలి రేట్లు, బండివాళ్ల పేర్లు, వరద నీటి మట్టాలు అక్కడే గీకి పెడతారు. ఫైలు పేరులో మూట నంబరు, పుస్తకం, పేజీ మూడూ ఉండాలి.

చిట్టాలో తేదీలు, డబ్బు

పాత చిట్టాల్లో ఇంగ్లీషు సంవత్సరం ఉండకపోవచ్చు. ‘విజయ నామ సంవత్సర’ అని ఉంటే అది 1893-94 కావచ్చు, 1953-54 కావచ్చు, 2013-14 కావచ్చు. అరవై ఏళ్ల తేడా కనుక కాగితం, సిరా, నాణేలు చూస్తే ఏదో తేలిపోతుంది. జారిపడేది మరో చోట. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి విజయ మాఘంలో పడిన పద్దు 1953ది కాదు, 1954ది. దీన్ని పట్టించుకోకపోతే వ్యాపారం మొదలైన ఏడే తప్పుతుంది.

ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి. ఫసలీ 1363 అంటే 1953 జులై నుంచి 1954 జూన్ దాకా. ఇది మద్రాసు వైపు లెక్క. నైజాం వైపు ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. గోదావరికి ఒక గట్టున భద్రాచలం మద్రాసు పాలనలో, ఎదుటి గట్టున బూర్గంపహాడ్ నిజాం పాలనలో ఉండేవి కనుక ఒకే అడితి పుస్తకంలో రెండు ఫసలీలూ కనిపించవచ్చు. డబ్బు విషయంలోనూ అంతే. నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరింటికి సమానం. హాలీ పద్దులను మామూలు రూపాయలనుకుని కూడితే కర్ర ధర ఆరో వంతు ఎక్కువ చూపిస్తుంది.

రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు, ఈ లెక్క 1957 మార్చి 31 వరకు. మర్నాటి నుంచి నూరు నయాపైసలు. తెలుగు అంకెల పక్కన గీతలుంటే కంగారు పడక్కర్లేదు: నిలువు గీత ఒక్కొక్కటీ పావలా, అడ్డగీత ఒక్కొక్కటీ అణా. ౩ పక్కన రెండు నిలువు గీతలు, ఒక అడ్డగీత ఉంటే మూడు రూపాయల తొమ్మిదణాలు. కొత్తగా చదివేవాళ్లు ఆ నిలువు గీతలను ‘11’ అనుకుంటారు. అనుమానం వస్తే పేజీ అడుగున ఉన్న మొత్తంతో కూడి చూడండి. గుమస్తాల కూడికలు అరుదుగా తప్పుతాయి, మన చదువే తప్పుతుంది.

లెక్కల సంవత్సరం ఎప్పుడు మొదలయ్యేదో కూడా చూసుకోవాలి. ఆదాయపు పన్నుకు అందరూ ఏప్రిల్ నుంచి మార్చి దాకానే లెక్క చూపాలన్న నియమం 1989-90 అసెస్‌మెంట్ ఏడాది నుంచి వచ్చింది. అంతకుముందు కొందరికి ఉగాది, కొందరికి దీపావళి. ఆ మార్పు జరిగినప్పుడు ఒక లెక్క పన్నెండు నెలలకు మించి సాగవచ్చు. ఆ ఏడు అమ్మకాలు ఎగిసిపడినట్టు కనిపిస్తే వ్యాపారం పెరిగిందని రాసేయకండి.

కొలత పుస్తకం

అడితి ప్రాణం ఇక్కడ ఉంది, మనవళ్లకు అర్థం కానిదీ ఇదే. దుంగను నడిమధ్య చుట్టుకొలత పట్టి, అందులో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి 144తో భాగిస్తారు. చుట్టు 60 అంగుళాలు, పొడవు 12 అడుగులు అనుకోండి. నాలుగో వంతు 15. పదిహేను పదిహేనులు 225, దాన్ని 12తో హెచ్చిస్తే 2,700, 144తో భాగిస్తే 18.75 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు). కొన్ని పుస్తకాల్లో ఇదే ‘18-9’ అని ఉంటుంది: పద్దెనిమిది, పన్నెండింట తొమ్మిది. దాన్ని 18.9 అని కంప్యూటర్లోకి ఎక్కిస్తే ప్రతి వరసా కొద్దికొద్దిగా తప్పుతుంది.

ఈ పద్ధతిలో దుంగ అసలు ఘనపరిమాణం రాదు. పై దుంగలో నిజానికి 23.87 ఘనపుటడుగుల కర్ర ఉంది. చెక్కుడులో, పొట్టులో పోయేదాన్ని కొనేవాడి తరఫున ముందే మినహాయించే లెక్క ఇది. కానీ కోసిన కర్రకు ఆ మినహాయింపు లేదు: వెడల్పు అంగుళాలు, మందం అంగుళాలు, పొడవు అడుగులు హెచ్చించి 144తో భాగించడమే. అయిదు మూడు సైజులో ఏడడుగుల నిలువులు రెండు, నాలుగడుగుల అడ్డాలు రెండు ఉన్న ద్వారబంధానికి 15ను 22తో హెచ్చించి 144తో భాగిస్తే 2.29 సీఎఫ్‌టీ.

రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే ఒక మాయ కనిపిస్తుంది. కొన్నది 100 సీఎఫ్‌టీ దుంగలు, అమ్మింది 80 సీఎఫ్‌టీ కోతకర్ర అని పుస్తకాల్లో ఉంటే వృథా ఇరవై శాతమే అనిపిస్తుంది. దుంగల అసలు పరిమాణం 127 కనుక, చేతికొచ్చింది 63 శాతమే. ‘ఆ రోజుల్లో మిల్లులో పొట్టు కూడా వృథా పోయేది కాదు’ అని రాసే వాక్యాల్లో చాలావాటికి మూలం ఈ లెక్కే.

టన్ను అన్న మాట దగ్గర కూడా ఆగాలి. దిగుమతి కలప పద్దుల్లో, ముఖ్యంగా బర్మా టేకు దగ్గర, టన్ను అంటే బరువు కాదు, పై పద్ధతిలో 50 సీఎఫ్‌టీ. తర్వాత వచ్చిన ఘనపు మీటరు 35.3 అసలు ఘనపుటడుగులు. నాలుగో వంతు చుట్టు లెక్కలో అయితే 27.7. ధరల పట్టిక వేసేటప్పుడు అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చి, ఏ కొలతో పట్టిక పైనే రాయండి.

కర్ర పేర్లను పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఎత్తి రాయండి. గోదావరి టేకు, సీపీ (సెంట్రల్ ప్రావిన్సెస్) టేకు, బల్లార్షా, బర్మా, ఘనా అన్నవి ఊరికే పెట్టిన పేర్లు కావు, సరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే గుర్తులు. మద్ది, వేగిస, బండారు, సరుగుడు ఏ ఏడు ఎంత అమ్ముడయ్యాయో వేరువేరుగా లాగండి. దూలాలు, వాసాలు తగ్గి, సెంట్రింగ్‌కు సరుగుడు బాదులు పెరిగిన ఏడు మీ ఊళ్లో పెంకుటిళ్ల మీద స్లాబు గెలిచిన ఏడు.

తేదీ లేని కాగితం

లెటర్‌హెడ్డు, బిల్లుబుక్కు వాటి వయసు అవే చెబుతాయి. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ‘గోదావరి జిల్లా’ అని మాత్రమే ఉంటే 1925కు ముందుది కావచ్చు, ఆ ఏడే దాని పేరు తూర్పు గోదావరి అయింది, కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి ఏర్పడింది. ‘ఆంధ్ర రాష్ట్రం’ అని ఉంటే 1953 అక్టోబరు, 1956 అక్టోబరు మధ్య. భద్రాచలం పక్కన ‘తూర్పు గోదావరి’ ఉంటే 1959కి ముందు. ఏపీజీఎస్టీ (రాష్ట్ర అమ్మకపు పన్ను) నంబరు ఉంటే 1957, 2005 మధ్య; పదకొండంకెల టిన్ (వ్యాట్ నంబరు) ఉంటే 2005, 2017 మధ్య; పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు 2017 జులై నుంచి. రాజమహేంద్రవరం అన్న పేరు ప్రభుత్వ కాగితాల్లోకి తిరిగొచ్చింది 2015లో. అయితే పాత బిల్లుబుక్కులు అయిపోయేదాకా వాడే అలవాటు అందరికీ ఉంది. అందుకే ఒక గుర్తుతో సరిపెట్టక రెండు చూసుకోండి.

బయట దొరికేవి

భాగస్వామ్య సంస్థ రిజిస్టరయి ఉంటే జిల్లా రిజిస్ట్రారు దగ్గర రిజిస్టర్ ఆఫ్ ఫర్మ్స్‌లో నమోదు ఉంటుంది. 1932 భాగస్వామ్య చట్టం కింద ఎవరైనా ఫీజు కట్టి చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. భాగస్వాములు చేరిన తేదీలు, తప్పుకున్న తేదీలు అందులో ఉంటాయి. కానీ ఆ రిజిస్ట్రేషన్ తేదీని వ్యాపారం మొదలైన తేదీగా రాయకండి. రిజిస్టర్ కాని సంస్థ బయటివాళ్ల మీద బాకీ దావా వేయలేదు. అందుకని ఏళ్ల తరబడి నడిపి, పెద్ద బాకీ మొండికేశాక రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు ఉన్నారు.

అడితి స్థలానికి ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీయండి. ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత సూచికలు వెతికించాలి. తనఖా దస్తావేజులను శ్రద్ధగా చదవండి. అడితి స్థలం ఏ ఏడు తనఖా పడిందో ఆ ఏడు మిల్లు మిషనో, పెద్ద కూపో కొని ఉంటారు.

బ్రిటిష్ కాలపు అటవీ, రెవెన్యూ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, నిజాం వైపువాటికి హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. ఊరికే ‘మా తాతగారి పేరు వెతకండి’ అంటే ఏమీ దొరకదు. తాలూకా, అటవీ డివిజను, సంవత్సరం పట్టుకుని వెళ్లాలి. పాత ప్రకటనల కోసం రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు తిరగేయండి.

ఎందుకు మారిందో పట్టుకోవడం

వ్యాపారం మలుపు తిరిగిన ప్రతి ఏడు పక్కనా రెండు గళ్లు గీయండి: ఇంట్లో ఏం జరిగింది, బయట ఏం జరిగింది. ఇంట్లోది పెద్దలు చెబుతారు. బయటిది మాత్రం మీరే నింపుకోవాలి.

కలప, వెదురు తెప్పలు కట్టి శబరి, గోదావరి మీదుగా పాపికొండల మధ్య నుంచి రాజమండ్రికి దింపే కాలంలో అడితి ఏటి ఒడ్డునే ఉండాలి. మద్ది లాంటి బరువు కర్ర ఒంటరిగా తేలదు, వెదురు కట్టలు జోడించాల్సిందే. కాబట్టి ఆ పద్దుల్లో వెదురు ఖరీదు కనిపిస్తే అది అమ్మకానికో, తెప్పకో చూసుకోండి. లారీలు వచ్చాక అడితి రోడ్డెక్కింది. స్థలం మారిన తేదీని లారీ కిరాయి పద్దులు మొదలైన తేదీతో పోల్చండి. 1953, 1986 ఆగస్టు వరదల తర్వాతి నెలల్లో కొట్టుకుపోయిన సరుకు రద్దు పద్దులు, వాటి వెనకే ఇళ్ల మరమ్మతులకు పెరిగిన అమ్మకాలు ఉంటాయి. 1996 నవంబరు కోనసీమ తుపాను తర్వాత కూడా అంతే.

కోత మిల్లులకు 1969 నిబంధనలతో లైసెన్సు తప్పనిసరైంది. 1996 డిసెంబరు 12న అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక వర్కింగ్ ప్లాన్ (ఆమోదం పొందిన అటవీ నిర్వహణ ప్రణాళిక) లేని అడవుల్లో నరికివేత ఆగింది. 2002 అక్టోబరు ఉత్తర్వుతో ఆ కోర్టే వేసిన కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త మిల్లు పెట్టడం కుదరలేదు, దాంతో ఉన్న లైసెన్సుకే విలువ పెరిగింది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. ఈ నాలుగు తేదీలకు అటూ ఇటూ రెండేళ్ల కొనుగోలు పద్దులు చూస్తే, ‘నాన్నగారి ముందుచూపు’ అని చెప్పుకునే నిర్ణయాల్లో కొన్ని వేరే దారిలేక తీసుకున్నవని తెలుస్తుంది. అది రాస్తే ఆయన గౌరవం తగ్గదు.

కట్టుబడి వైపు చూస్తే, సిమెంటు మీద కంట్రోలు 1982లో సగం, 1989లో పూర్తిగా ఎత్తేశారు. అంతకుముందు పర్మిట్టు తెచ్చుకోగలవాడే కాంట్రాక్టరు. గవర్నమెంటు పనుల ఎం-బుక్కు (చేసిన పని కొలతల పుస్తకం) శాఖ దగ్గరే ఉంటుంది, మీకు దొరికేది బిల్లు నకలు. పని విలువకూ చేతికందిన సొమ్ముకూ మధ్య డిపాజిట్టు, పన్ను కోతలుంటాయి. టెండరు విలువనే ఆదాయంగా వేయవద్దు.

ఇక భాగపంపకాలు. పంపకం కాగితం కనిపించగానే అన్నదమ్ములకు చెడిందని తీర్మానించకండి. 1970ల మొదట్లో ఆదాయపు పన్ను పై శ్లాబు సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం దాకా వెళ్లింది. ఉమ్మడి కుటుంబ ఆదాయాన్ని చీల్చుకోవడానికి కాగితం మీద పాక్షిక పంపకాలు చేసుకుని, ఒకే పొయ్యి మీద వండుకున్న ఇళ్లు ఎన్నో. 1978 డిసెంబరు 31 తర్వాత చేసిన పాక్షిక పంపకాలను పన్నుశాఖ గుర్తించడం మానేసింది. మీ డీడు ఆ తేదీకి ముందుదో వెనకదో చూడండి. తగాదా నిజమైతే వేరే గుర్తులుంటాయి: సరుకు విడివిడి జాబితాలు, పేరు కొద్దిగా మార్చిన కొత్త బోర్డు, కొత్త బ్యాంకు ఖాతా.

మనుషుల్ని అడగడం

యజమానుల కన్నా ముందు కొలత మేస్త్రిని, బ్యాండ్ రంపం నడిపినవారిని, పాత గుమస్తాను, లారీ డ్రైవరును కలవండి. మిల్లుకు కరెంటు రాకముందు గుంట రంపం (గుంట మీద దుంగ పెట్టి పైనొకరు, కిందొకరు లాగేది) లాగినవాళ్లు బతికి ఉంటే వాళ్ల దగ్గరికే మొదట వెళ్లాలి. ఉత్త చేతులతో వెళ్లకుండా చిట్టా పేజీ ఫోటో పట్టుకెళ్లండి. ‘అప్పట్లో ఎలా ఉండేదండీ’ అంటే ‘బాగుండేది బాబూ’ అన్న జవాబే వస్తుంది. ‘మేస్త్రిగారూ, ఈ పద్దులో మీ పేరు పక్కన నాలుగు రూపాయలుంది, ఇది రోజు కూలా, దుంగకింతనా?’ అనండి, గంటసేపు మాట్లాడతారు. సంవత్సరం అడగవద్దు. ‘ఎనభయ్యారు వరదకు ముందా, తర్వాతా? రోడ్డు కం రైలు వంతెన అప్పటికి తెరిచారా?’ అని అడగండి. ఆ వంతెన 1974ది. ఇంటి ఆడవాళ్లను వదలకండి. డీడుల్లో వాళ్ల సంతకాలు, మిల్లు పెట్టుబడిలో వాళ్ల నగలు ఉంటాయి, కథలో మాత్రం ఉండరు.

రాసేటప్పుడు

మూడు రకాల వాక్యాలను కలిపేయకండి: కాగితం చెప్పింది, మనిషి చెప్పింది, మీరు ఊహించింది. ‘చిట్టా ప్రకారం’, ‘గుమస్తాగారి మాట’, ‘బహుశా’ అని ఎక్కడికక్కడ తెలియాలి. రెండు ఆధారాలు పొసగకపోతే రెండూ రాయండి. బాకీలు ఎగ్గొట్టిన ఖాతాదారుల పేర్లు అచ్చు వేయవద్దు, వాళ్ల మనవళ్లు ఇప్పుడు మీ ఖాతాదారులే. ధరల పట్టిక, భాగస్వాముల పట్టిక, స్థలాల పటం ఈ మూడూ పుస్తకం చివర తప్పక ఉండాలి. ఫోటోల కింద ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ, కూలీల పేర్లతో సహా, వేయండి. అచ్చు కన్నా ముందు టైపు చేసిన ప్రతిని ప్రతి శాఖ కుటుంబానికీ ఇచ్చి, సవరణలు కాగితం మీదే రాసిమ్మని నెల గడువు పెట్టండి. ఫోన్లో చెప్పిన సవరణలకు తర్వాత ఎవరూ పూచీ పడరు.